కణ సంకేతాలు, ఎంజైములు: ల్యాబ్‌లో తరచూ వినబడే అపోహలు - వాస్తవాలు

“ఫాస్ఫో బ్యాండ్ ముదిరింది, కాబట్టి ఎంజైమ్ చురుకు పెరిగింది.” రిపోర్టుల్లో ఈ వాక్యం మహా మామూలు. ఫాస్ఫో బ్యాండ్ అంటే వెస్టర్న్ బ్లాట్‌లో ఫాస్ఫేట్ ఎక్కిన ప్రోటీన్‌ను చూపే గీత. చిక్కంతా ఆ “కాబట్టి” దగ్గరే. బ్యాండ్‌ని బట్టి ఫాస్ఫేట్ ఎక్కిందని మాత్రమే తెలుస్తుంది. చురుకు సంగతి తేల్చడానికి చురుకునే కొలవాలి.

అపోహ: ఫాస్ఫేట్ ఎక్కితే ఎంజైమ్ ఆన్, దిగితే ఆఫ్.

అన్నిటికీ ఒకే లెక్క కుదరదు. కండరానికి అడ్రినలిన్ అందగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. దాంతో పీకేఏ, దాని వెనకే ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ చురుకవుతాయి (కైనేజ్ అంటే ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్; పీకేఏ కూడా ఒక కైనేజే). ఆ కైనేజ్ గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్‌లోని 14వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెడితే గ్లైకోజెన్ విరగడం జోరందుకుంటుంది. సరిగ్గా అప్పుడే గ్లైకోజెన్ సింథేజ్ మీద ఎక్కే ఫాస్ఫేట్లు దాన్ని అణిచేస్తాయి. లేకపోతే ఒకపక్క గ్లైకోజెన్ పేరుస్తూ, ఇంకోపక్క విరగ్గొడుతూ కణం శక్తిని దండగ చేసుకునేది.

ఒకే ప్రోటీన్‌లో ఆన్ చేసే సైట్లూ, ఆఫ్ చేసే సైట్లూ ఉండొచ్చు (సైటు అంటే ఫాస్ఫేట్ ఎక్కే చోటు). కణ విభజనను నడిపే కైనేజ్ సీడీకే1 పనిచేయాలంటే 161వ థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ ఉండాలి. 15వ టైరోసిన్ మీద కూడా ఉందా, సీడీసీ25 అనే ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్ తీసే ఎంజైమ్) వచ్చి దాన్ని తీసేదాకా పని ఆగినట్టే. సైటు నంబరు చెప్పకుండా “ఫాస్ఫో-సీడీకే1 పెరిగింది” అంటే ఏమీ చెప్పనట్టే లెక్క.

అపోహ: ఒక సంకేతానికి అన్ని అవయవాల్లోనూ ఒకటే ఫలితం.

ముందు ఐసోఫామ్, అంటే ఒకే ఎంజైమ్‌కు అవయవాన్ని బట్టి ఉండే రూపం, చూసుకోండి. కాలేయంలోని పీఎఫ్‌కే2 మీద పీకేఏ ఫాస్ఫేట్ పెడితే ఆ ఎంజైమ్ తయారుచేసే ఫ్రక్టోజ్ 2,6-బిస్‌ఫాస్ఫేట్ తగ్గి గ్లైకాలిసిస్ (గ్లూకోజ్‌ను విరగ్గొట్టే ప్రక్రియ) నెమ్మదిస్తుంది. గుండెలోని ఐసోఫామ్‌లో ఫాస్ఫేట్ వేరే చోట ఎక్కుతుంది, ఫలితం తలకిందులవుతుంది.

అపోహ: ఎస్సేలో (చురుకు కొలిచే పరీక్షలో) తేడా రాలేదంటే సంకేతం ఆ ఎంజైమ్‌ను తాకనే లేదు.

మా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ఇదే. ఫాస్ఫేట్ చాలాసార్లు గరిష్ఠ వేగాన్ని కదపదు, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) ఎంత కావాలన్నదాన్నే మారుస్తుంది. కాలేయపు పైరువేట్ కైనేజ్‌నే తీసుకోండి. ఫాస్ఫేట్ ఎక్కాక సగం వేగం అందుకోవడానికి మునుపటికంటే ఎక్కువ పీఈపీ (దాని సబ్‌స్ట్రేట్) కావాలి, గరిష్ఠ వేగం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. మీరు ఎస్సేలో 5 మిల్లీమోలార్ పీఈపీ పోసి, పైగా ఎంజైమ్‌ను చురుకు చేసే ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫేట్ కలిపితే ఇక తేడా ఎక్కణ్ణించి వస్తుంది? ఆ యాక్టివేటర్ లేకుండా, పీఈపీని తక్కువ నుంచి ఎక్కువకు పలు గాఢతల్లో పెట్టి, పుట్టిన పైరువేట్‌ను లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌తో జతచేసి, 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ పడిపోయే వేగం చూడండి. తేడా తక్కువ గాఢతల దగ్గర బయటపడుతుంది.

గ్లైకోజెన్ సింథేజ్‌ది ఇంకా చిత్రం. ఎన్ని ఫాస్ఫేట్లున్నా, గ్లూకోజ్ 6-ఫాస్ఫేట్ దండిగా పోస్తే పూర్తిగా లేచి కూర్చుంటుంది. అందుకే ఒక ట్యూబులో అది లేకుండా, మరోదాంట్లో 10 మిల్లీమోలార్ వేసి కొలిచి, మొదటి విలువను రెండోదానితో భాగించి నిష్పత్తి చెబుతారు. శాంపిల్‌లోంచి వచ్చిన గ్లూకోజ్ 6-ఫాస్ఫేట్ మొదటి ట్యూబులో చేరితే నిష్పత్తి అబద్ధం చెబుతుంది. లైసేట్‌ను (పగలగొట్టిన కణాల సారాన్ని) బాగా పలుచన చేయండి, లేదా చిన్న అణువులను వేరుచేసే డీసాల్టింగ్ కాలమ్ గుండా పంపండి. అయితే ఒకటి మరవద్దు: పలుచన చేస్తే ఏఎంపీ లాంటి అల్లోస్టెరిక్ నియంత్రకాల (ఎంజైమ్‌కు వేరే చోట అతుక్కుని దాని చురుకు మార్చే అణువుల) ప్రభావం కూడా పోతుంది. ఇక ట్యూబులో మిగిలేది ఫాస్ఫేట్ ప్రభావమే, కణంలోని మొత్తం పరిస్థితి కాదు.

అపోహ: ఇన్హిబిటర్ టాబ్లెట్ వేశాం, శాంపిల్ భద్రం.

ఆ టాబ్లెట్ ఆపేది ప్రోటీన్లను కోసే ప్రోటియేజ్‌లనా, ఫాస్ఫటేజ్‌లనా? డబ్బా మీద చదవండి. సెరీన్, థ్రియోనిన్ ఫాస్ఫటేజ్‌లకు 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్ వాడతారు. టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లకు 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవనడేట్. వనడేట్ స్టాక్‌ను పీహెచ్ 10కి తెచ్చి, పసుపు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ సరిచేయాలి. రంగు తిరిగి రాకుండా నిలిచేదాకా ఇదే వరస. పసుపుగా ఉందంటే అణువులు గుంపు కట్టి ఉన్నాయని అర్థం. బఫర్‌లో లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ గానీ క్షయకరణం చేసే డీటీటీ గానీ ఉంటే వనడేట్ వేసినా ఫలితం దక్కదు.

ఫాస్ఫటేజ్‌లను ఆపి, కైనేజ్‌లను వదిలేయడం మరో పొరపాటు. కణం పగిలాక కూడా అవి పని మానవు. 1950ల్లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరపు సారాన్ని ఫిల్టర్ పేపర్‌లో వడకడితే ఫాస్ఫోరిలేజ్ చురుకైన రూపంలోకి మారిపోయేది, సెంట్రిఫ్యూజ్ చేస్తే మారేది కాదు. పేపర్‌లోంచి దిగిన కాల్షియం ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌ను లేపి చేసిన పని అది. ఎంజైమ్ మీద ఫాస్ఫేట్ ఎక్కే సంగతి తేల్చిన ఈ ఇద్దరికీ 1992లో నోబెల్ వచ్చింది. గ్లైకోజెన్ సింథేజ్ లాంటివాటికి బఫర్‌లో ఫ్లోరైడ్‌తో పాటు ఈడీటీఏ వేస్తే మెగ్నీషియం అందక కైనేజ్‌లు ఆగుతాయి. ఇక్కడ వనడేట్ అవసరం లేదు కాబట్టి ఆ గొడవా లేదు. కణజాలమైతే కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. రక్తం ఆగిన కాసేపట్లోనే, శక్తి తగ్గితే మేల్కొనే కైనేజ్ ఏఎంపీకే చురుకవుతుంది.

అపోహ: సెరీన్ బదులు ఆస్పార్టేట్ పెడితే ఫాస్ఫేట్ ఉన్నట్టే.

కణపు పీహెచ్‌లో ఫాస్ఫేట్‌కు రెండుకు దగ్గరగా రుణావేశం, ఆస్పార్టేట్‌కు ఒకటే. ఆకారమూ వేరు. ఫాస్ఫేట్ ఎక్కిన ప్రోటీన్లకు అతుక్కునే 14-3-3 ప్రోటీన్లు సాధారణంగా ఈ నకలును పట్టుకోవు. ఫలితం రాకపోతే సైటుకు ప్రాధాన్యం లేదని తేల్చేయకండి. సెరీన్ బదులు ఫాస్ఫేట్ ఎక్కలేని అలనిన్ పెట్టిన మ్యూటెంట్‌తో సంకేతపు ప్రభావం పోతుందో లేదో కూడా చూడండి.

అపోహ: పీకేఏ ఇన్హిబిటర్ హెచ్-89 వేశాక ప్రభావం పోయిందంటే అది పీకేఏ పనే.

హెచ్-89 రాక్2, ఎస్6కే1 అనే వేరే కైనేజ్‌లను కూడా అడ్డుకుంటుంది. రసాయనికంగా సంబంధం లేని రెండో ఇన్హిబిటర్‌తోనో, పీకేఏను అడ్డుకునే పీకేఐ పెప్టైడ్‌తోనో సరిచూసుకున్నాకే పీకేఏ పేరు రాయండి.