"బీపీ బాగానే ఉంది కదండీ!" - ఎమర్జెన్సీ వార్డులో రోజూ వినే అపోహలు

అపోహ: బీపీ 120/80 ఉంటే షాక్ లేనట్టే.

వాస్తవం: షాక్ అంటే ఇక్కడ కరెంటు షాక్ కాదు, అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి. కొబ్బరి దింపు తీస్తూ పడిపోయిన కుర్రాణ్ణి మా కోనసీమ ఆసుపత్రికి తెస్తే, బంధువులు ముందు అడిగేది బీపీ ఎంతని. నేను ముందు చేతులు పట్టుకుని చూస్తాను. చల్లబడి, చెమటతో జిగురుగా ఉండి, నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకుంటుంటే మెషిన్ ఏం చూపించినా నమ్మను. మనిషి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తం. తొడ ఎముక విరిగితే లీటరు పైగా కండలోనే చేరొచ్చు, బయట చుక్క కనబడదు. అప్పుడు శరీరం చర్మానికి, పేగులకు, కిడ్నీలకు వెళ్లే నాళాలను బిగించి, మిగిలిన రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, కాలవ నీళ్లకు వంతులు పెట్టినప్పుడు చూడండి, లాకుల దగ్గర మట్టం నిలబడే ఉంటుంది, శివారు చేలు మాత్రం బీటలు వారతాయి. బీపీ అనేది ఆ లాకుల దగ్గరి మట్టం. శివార్ల సంగతి మూత్రం తగ్గడంలోనూ, రక్తంలో లాక్టేట్ (ఆక్సిజన్ చాలని కణాలు వదిలే పదార్థం) పెరగడంలోనూ తెలుస్తుంది. మనిషి కంగారుగా, పొంతన లేకుండా మాట్లాడతాడు. "తాగున్నాడులెండి" అనేస్తారు పక్కవాళ్లు! బీపీ పడేసరికి సాధారణంగా 30 శాతం పైగా రక్తం పోయి ఉంటుంది.

రోజూ పై అంకె 160 ఉండే తాతగారికి 110 కూడా తక్కువే. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ బిళ్లలు వాడేవారికి నాడి వేగం పెరగకపోవచ్చు.

అపోహ: ఏ షాక్ అయినా ఓ సెలైన్ బాటిల్ పెడితే సరి.

వాస్తవం: గుండెపోటుతో గుండెకు రక్తాన్ని నెట్టే బలమే పోయినవాళ్లకు, ఎక్కించిన నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం ముదురుతుంది. రక్తపింజరి కాటుకు యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పడాలి. ఇంజెక్షన్ పడక వచ్చే ఎలర్జీ షాక్‌కి తొడ కండలో వెంటనే అడ్రినలిన్.

అపోహ: డెంగీలో జ్వరం దిగితే గండం గడిచినట్టే.

వాస్తవం: అసలు గండం అప్పుడే. జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం దిగే వేళ నాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారుతుంది. అందరూ ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతారు. నేను బీపీ పై అంకెకూ కింది అంకెకూ తేడా చూస్తాను. అది 20కి పడితే షాక్ కిందే లెక్క. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత కనబడితే ఇంట్లో ఉంచకండి.

అపోహ: షోడానో కొబ్బరినీళ్లో తాగిస్తే తేరుకుంటాడు.

వాస్తవం: మగతలో ఉన్నవాడికి పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడుకోబెట్టి, దుప్పటి కప్పి, రక్తం కారేచోట గుడ్డతో గట్టిగా అదిమి, 108కి ఫోన్ చెయ్యండి. చెట్టు మీంచి పడ్డవాళ్ల మెడ, నడుము కదపకండి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మాత్రం తీసుకురాకండి. నిటారుగా కూర్చోబెడితే మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది.