ఒకే మందుకు రెండు పేర్లు

పిల్లలూ,

మొన్న చిన్ని ఫోన్ చేసి, "అమ్మమ్మా, పారాసిటమాల్ మీద అమెరికావాళ్లు ఏమీ రాయలేదా? ప్రాజెక్టు కోసం ఎంత వెతికినా అక్కడి వ్యాసాలు తగల్లేదు" అంది. వెనకనుంచి పెద్దాడు "పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే అమ్మమ్మకి మందుల సంగతేం తెలుసే, ఎవరైనా డాక్టర్ని అడుగు" అనడమూ వినబడింది. నా చెవులింకా బాగానే ఉన్నాయిరా నాయనా. అందుకే ఈ ఉత్తరం ఇద్దరికీ.

ముందు చిన్ని సందేహం. ఆ మందును అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మందు ఒకటే, పేర్లే రెండు. ఒక పేరు పట్టుకుని వెతికితే, రెండో పేరుతో రాసినవాళ్లంతా కనబడకుండా పోతారు. మెడికల్ లైబ్రరీలో ఇన్నేళ్లూ నేను చేసిన పనిలో సగం, ఇలా తప్పిపోయినవాటిని వెతికి పట్టుకోవడమే.

వైద్యంలో ఈ చిక్కు అడుగడుగునా ఉంటుంది. మనం గుండెపోటు అనేదాన్ని ఒకరు హార్ట్ ఎటాక్ అని రాస్తారు, ఇంకొకరు మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అంటారు, మరొకరు ఎంఐ అని రెండక్షరాలతో సరిపెడతారు. దీనికి తిరగబడ్డ చిక్కూ ఉంది. ఎయిడ్స్ అని కొట్టి చూడండి, ఆ జబ్బుతో పాటు హియరింగ్ ఎయిడ్స్, అంటే చెవిటి మిషన్లు కూడా వరసకట్టి వస్తాయి. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. రెండొందల వ్యాసాల్లోంచి ఏరాల్సి వచ్చినప్పుడు రాలేదు.

దీనికి విరుగుడుగా అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1960లో ఒక పదజాలం తయారుచేసింది. మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్ అని దాని పేరు, మేం ముద్దుగా మెష్ అంటాం. రాసినవాళ్లు ఏ మాట వాడినా సరే, ఆ విషయానికి ఖాయం చేసిన ఒకే పేరును వ్యాసానికి తగిలిస్తారు. అలాంటి పేర్లు ఇప్పుడు సుమారు 30,000 ఉన్నాయి. అవి చెట్టులా పెరిగి ఉంటాయి. 'గుండె జబ్బులు' అనే కొమ్మ పట్టుకుంటే దాని రెమ్మలన్నీ చేతికొస్తాయి. ఆ లైబ్రరీ నడిపే, వైద్యవ్యాసాలు వెతుక్కునే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో మీరు పారాసిటమాల్ అని కొట్టినా, తెరవెనుక ఎసిటమినోఫెన్‌ను కలుపుకునే వెతుకుతుంది. చిన్ని వెతికిన చోట ఆ ఏర్పాటు లేదన్నమాట. దశాబ్దాల పాటు మనుషులే వ్యాసం చూసి ఈ పేర్లు తగిలించేవారు. 2022 నుంచి ఆ పని కంప్యూటర్లకు అప్పగించారు, అవసరమైనచోట మనుషులు సరిచూస్తారు.

ఇదంతా ఒక సైనిక డాక్టరుతో మొదలైంది. జాన్ షా బిల్లింగ్స్ అని ఆయన పేరు. విద్యార్థిగా మూర్ఛరోగం మీద సిద్ధాంతవ్యాసం రాయబోయి, కావలసిన పుస్తకాలు ఒకచోట దొరక్క విసిగిపోయాడట. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక సైన్యంవారి చిన్న వైద్య గ్రంథాలయం ఆయన చేతికి వచ్చింది. కొన్నేళ్లు అది ఎక్కడ నడిచిందో తెలుసా? లింకన్‌ను కాల్చిన ఫోర్డ్స్ థియేటర్ భవనంలో. 1879లో బిల్లింగ్స్ 'ఇండెక్స్ మెడికస్' మొదలుపెట్టాడు. వైద్యపత్రికల్లో కొత్తగా ఏమొచ్చిందో విషయాలవారీగా చెప్పే సూచిక అది. నేను ఉద్యోగంలో చేరేనాటికి దాని సంపుటాలు బీరువాల నిండా ఉండేవి. ఒక్కో సంపుటం మోస్తుంటే చేతులు పీకేవి. అదే క్రమంగా కంప్యూటర్ల మీదికి వెళ్లింది. 1997 నుంచి పబ్‌మెడ్ రూపంలో ఎవరైనా ఉచితంగా వాడుకుంటున్నారు.

"మరింకేం, అంతా ఉచితంగా దొరుకుతుంటే మీరెందుకు?" అంటాడు పెద్దాడు. ఈ మాట వాడికంటే పెద్దవాళ్లే నన్ను చాలామంది అడిగారు. వాళ్లకు ఎప్పుడూ ఒక సంగతి చెప్పేదాన్ని.

2001లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద పరిశోధన జరుగుతోంది. ఏ జబ్బూ లేని వాలంటీర్ల చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించారు. ఒకప్పుడు రక్తపోటుకు వాడి, తర్వాత వదిలేసిన మందది. వాళ్లలో 24 ఏళ్ల అమ్మాయి ఒకరు. మందు పీల్చాక ఊపిరితిత్తులు దెబ్బతిని, నెల తిరక్కుండానే చనిపోయింది. పరిశోధకుడు వెతక్కుండా మొదలుపెట్టాడా అంటే, లేదు, వెతికాడు. పబ్‌మెడ్ చూశాడు, భయపడాల్సిందేమీ కనబడలేదు. కానీ అప్పట్లో పబ్‌మెడ్ 1966 దాకానే వెనక్కి వెళ్లేది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయొచ్చని చెప్పే వ్యాసాలు 1950లలోనే అచ్చయి ఉన్నాయి. కాగితం మీద, బీరువాల్లో. ఆ అమ్మాయి పోయాక వెతికితే అవి దొరికాయి.

ఇది చదివి నేను చాలా రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. తెలియని విషయం కాదు కదా అది! ఎవరో ఎప్పుడో తెలుసుకుని, రాసి, అచ్చువేసి పెట్టారు. అడగాల్సిన సమయానికి అది చేతికి రాలేదు, అంతే. యంత్రం 'లేదు' అంటే ఏ ఏడాది నుంచి లేదు, ఏ భాషలో లేదు, ఏ పేరుతో లేదు అని ఎదురుప్రశ్నలు వేసే మనిషి ఒకరు పక్కన ఉండాలి. నా జీతం ఆ ఎదురుప్రశ్నలకే అనుకునేదాన్ని.

డాక్టర్ని అడగమన్నావు కదరా పెద్దాడా, ఆ డాక్టర్లే మమ్మల్ని అడుగుతారు. 1971లో గెర్ట్రూడ్ లాంబ్ అనే లైబ్రేరియన్ అయితే, అడగడానికి వాళ్లొచ్చేదాకా ఆగకుండా తానే డాక్టర్లతో పాటు వార్డుల్లో రౌండ్స్‌కు వెళ్లే పద్ధతి మొదలుపెట్టింది. రోగి మంచం దగ్గర పుట్టిన ప్రశ్నను అక్కడే పట్టుకోవాలని. మా దగ్గరికొచ్చే ప్రశ్నలు మొదట్లో పొగమంచులా ఉంటాయి. "ముసలివాళ్లకు నిద్రమాత్రలు మంచివేనా, కాస్త చూసి పెట్టండి" అంటారు. ముసలివాళ్లంటే అరవై దాటినవాళ్లా, ఎనభై దాటినవాళ్లా? ఏ మాత్ర? మాత్ర వేయకపోతే మరేం చేస్తారు? 'మంచి' అంటే రాత్రి నిద్రపట్టడమా, తెల్లవారి లేచేటప్పుడు తూలి పడకపోవడమా? ఇవన్నీ తేలేసరికి ఒక్కోసారి డాక్టరుకే తన ప్రశ్న కొత్తగా కనిపించేది.

ఒక విషయంపై వచ్చిన పరిశోధనలన్నిటినీ పోగుచేసి తూచే సమీక్షలైతే మాకు పెద్ద యజ్ఞం. వెతికే మాటలు కూర్చుకోవడానికే వారాలు పడుతుంది. వేల ఫలితాలు వస్తాయి. నచ్చినవి ఉంచుకుని నచ్చనివి వదిలేయడానికి వీల్లేదు. ఎలా వెతికామో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టాలి, రేపు ఇంకెవరైనా అదే దారిలో నడిచి సరిచూసుకునేలా.

దొరికినదంతా నమ్మడానికీ లేదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఒక వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. అయినా దాన్ని చూపించి వాదించేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. అందుకే వ్యాసం దొరగ్గానే వెనక్కి తీసుకున్న ముద్ర ఉందేమో చూడటం మాకు అలవాటు. ఈమధ్య మా తర్వాతివాళ్లకు కొత్త తలనొప్పి వచ్చింది. చాట్‌బాట్ ఇచ్చిందంటూ పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా తెచ్చి ఈ వ్యాసం కావాలంటారు. తీరా వెతికితే అలాంటి వ్యాసమే లేదు! లేనిదాన్ని లేదని తేల్చడానికి, ఉన్నదాన్ని వెతకడం కంటే ఎక్కువసేపు పడుతుంది.

రోగుల బంధువులూ వచ్చేవారు, చేతిలో రిపోర్టు నలిగిపోయి. వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉన్నది వెతికి ఇచ్చేదాన్ని. "మీరైతే ఏం చేస్తారమ్మా?" అని అడిగితే మాత్రం నోరు కట్టేసుకునేదాన్ని. సలహా డాక్టరు చెప్పాలి, నేను కాదు. పెద్దాడూ, ఆ ఒక్క విషయంలో నువ్వన్నది నిజమే.

ఇక చిన్నీ, నీ ప్రాజెక్టులో రెండు పేర్లూ పెట్టి మళ్లీ వెతుకు. మధ్యలో 'లేదా' అని చెప్పే 'ఆర్' పెట్టడం మరిచిపోకు. పెద్దాడు ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ మీద సాల్బుటమాల్ అని రాసి ఉంటుంది చూడండి. దానికీ అమెరికాలో వేరే పేరుంది. అదేమిటో నేను చెప్పను. ఇద్దరూ కలిసి వెతికి, ఎక్కడ దొరికిందో కూడా రాసి నాకు పంపండి.

మీ
అమ్మమ్మ