అధ్యక్షా, మీ ద్వారా...

మొన్నామధ్య గుంటూరు బ్రాడీపేటలో ఒక కాలేజీ వాళ్లు మాక్ పార్లమెంట్ పెట్టుకుని, మార్కులు వెయ్యడానికి నన్నూ పిలిచారు. ప్రతిపక్షం బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, ఎదురుగా కూర్చున్న మంత్రి కుర్రాడికి వేలు చూపించి, "హాస్టల్లో నీళ్లు రాకపోతే మీరేం చేస్తున్నారు?" అని అడిగేసింది. స్పీకర్ కుర్చీలో ఉన్న పిల్ల గంట కొట్టింది. "ఆయన్ని కాదు, నన్ను అడగండి" అంది. ఈ అమ్మాయి తెల్లమొహం వేసి, "నీకేం తెలుసని నిన్నడగాలే?" అంది. హాలంతా గొల్లుమంది.

నవ్వుకుని వచ్చేశాం గానీ, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? జవాబు చెప్పాల్సినవాడు ఎదురుగా ఉంటే, జవాబుతో పనిలేని మూడో మనిషికి ప్రశ్న చెప్పుకోవడం ఏమిటి? వెలగపూడిలో శాసనసభ జరిగినప్పుడల్లా టీవీలో వినబడే ఆ "అధ్యక్షా" వెనక మూడొందల ఏళ్ల కథ ఉంది.

రికార్డుల్లో దొరికే మొదటి ప్రశ్న 1721 ఫిబ్రవరి నాటిది. లండన్‌లో ప్రభువుల సభ. సౌత్ సీ కంపెనీ షేర్లు కుప్పకూలి జనం నిలువునా మునిగిపోయిన రోజులు. కంపెనీ క్యాషియర్ రాబర్ట్ నైట్ దేశం దాటిపోయి బ్రస్సెల్స్‌లో పట్టుబడ్డాడంటున్నారు, ఆ మాట నిజమేనా అని కౌపర్ ప్రభువు ప్రభుత్వం తరఫున ఉన్న సండర్లాండ్‌ను అడిగాడు. ఎందుకు పారిపోనిచ్చారని నిలదీయలేదు. ఆ మాట నిజమేనా అన్నాడంతే. సభలో ప్రశ్నకు పడ్డ ఆ అచ్చు ఇప్పటికీ పెద్దగా మారలేదు.

మన దేశంలో 1861 చట్టంతో వచ్చిన కౌన్సిళ్లలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 చట్టం ఆ హక్కు ఇచ్చింది గానీ, ముందుగా నోటీసు ఇవ్వాలి, వచ్చిన జవాబు మీద మళ్లీ నోరెత్తకూడదు. 1893 ఫిబ్రవరి 16న కౌన్సిల్ సభ్యుడు భింగా రాజా తొలి ప్రశ్న వేశారు. దొరలు క్యాంపులకు వచ్చినప్పుడు వాళ్లకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లో దుకాణదారులు పడుతున్న ఇబ్బంది గురించి. నాకు ఈ ప్రశ్నంటే ముచ్చట. అంతటి సామ్రాజ్యాన్ని మనవాళ్లు మొదటిసారి అడిగింది కిరాణా కొట్టు కష్టం గురించి. 1909లో, ప్రశ్న వేసినవాడు దాని మీద అనుబంధ ప్రశ్న అడిగే వీలు వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత మిగతా సభ్యులకూ దక్కింది.

అప్పట్లో సభ్యుడు అడిగేది తాను ఎన్నుకున్న ప్రభుత్వాన్ని కాదు, తన నెత్తిన ఉన్న ప్రభుత్వాన్ని. అందుకే ప్రశ్న అర్జీ భాషలో ఉండేది: "దయచేసి తెలియజేస్తారా". తెల్లవాడు పోయాడు, దయ మిగిలింది. ఇప్పటికీ ప్రశ్నల పత్రం ఆ ధోరణిలోనే నడుస్తుంది. నమూనాకి ఒకటి నేనే రాసి చూపిస్తాను.

"మార్కెటింగ్ శాఖ మంత్రి దయచేసి ఈ కింది విషయాలు తెలియజేస్తారా: అ) గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) తూకంలో రైతులు నష్టపోతున్న మాట వాస్తవమేనా, ఆ) అయితే, తీసుకున్న చర్యలేమిటి?"

జవాబు ఇలా రావచ్చు: "అ) లేదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఆ ప్రశ్నను ఇంకోసారి చదవండి. "నష్టపోతున్నారా?" అని లేదు. "నష్టపోతున్న మాట వాస్తవమేనా" అని ఉంది. ఆరోపణ ముందే చేసేసి, దాని మీద అవుననో కాదనో ముద్ర వెయ్యమంటున్నాడు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఊహ ఉండకూడదు, నింద ఉండకూడదు, 150 మాటలు దాటకూడదు. వ్యంగ్యం కూడా నిషిద్ధమే! కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి వెటకారం లేకుండా వాక్యం పూర్తి చెయ్యాలంటే ఎంత కష్టమో ఆ రూలు రాసినవాళ్లకు తెలిసి ఉండదు. ఈ కట్టుబాట్లన్నీ దాటించే దొడ్డిదారి "మాట వాస్తవమేనా". నింద విశేషణంలో దాక్కుంటుంది, పైకి కనబడేది వినయం.

చప్పటి ప్రశ్న చెయ్యగలిగింది తక్కువేమీ కాదు. 1957లో కొత్తగా పుట్టిన ఎల్ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో 1.24 కోట్ల రూపాయలు పెట్టింది. ఆ సెప్టెంబరులో లోక్‌సభలో ఒక ప్రశ్న వచ్చింది. వచ్చిన జవాబుతో ఏమీ తేలలేదు. తేలలేదు కాబట్టే ఎంపీ ఫిరోజ్ గాంధీ డిసెంబరులో మళ్లీ పట్టుకున్నారు. విచారణకు చాగ్లా కమిషన్ వేశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. కేకలు వేసి పదవి ఊడగొట్టినవాళ్ల కన్నా, తప్పించుకున్న జవాబును దాచిపెట్టుకుని మళ్లీ వచ్చినవాళ్లే సభల చరిత్రలో గట్టివాళ్లని నా లెక్క. ప్రశ్నకు అంత బలం ఉంది కనకనే దాన్ని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. 1951లో ముద్గల్ అనే ఎంపీ సభ్యత్వం పోయింది, 2005లో 11 మంది ఎంపీలను బయటికి పంపారు.

ఇక తెలుగు సంగతి. సమైక్య ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ మన బెజవాడ మనిషి, అయ్యదేవర కాళేశ్వరరావు. వన్ టౌన్‌లో ఆయన పేరిట ఉన్న మార్కెట్లో బేరమాడేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుందో తెలీదు. 1956 నుంచి 1962 దాకా "అధ్యక్షా" అని సభ్యులు పిలిచింది ఆయన్నే. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, ఆ తర్వాత అధికార భాషా సంఘానికి సత్తెనపల్లి నుంచి గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులయ్యారు. కాగితం మీద ప్రశ్న తెలుగైంది. కానీ నోట్లో ప్రశ్న వేరే దారి పట్టింది.

ఇంగ్లిషులో ప్రశ్న అడగాలంటే వాక్యం మొదట్లోనే బయటపడాలి. తెలుగులో అలా కాదు. అవుననో కాదనో జవాబు కోరే మన ప్రశ్న చివరి అక్షరం దీర్ఘంలో ఉంటుంది. "అధ్యక్షా, మీ ద్వారా మంత్రిగారి దృష్టికి తెస్తున్నాను, మా హయాంలో రైతు రాజులా బతికాడు, ఇవాళ తెల్లారుజామున ట్రాక్టరు కట్టుకొచ్చి, ఎండలో టిక్కీల మీద కూర్చుని, చివరికి అయినకాడికి అమ్ముకుని ఏడుస్తూ పోతున్నాడన్నది నిజం కాదా?" చివర ఆ "కాదా" పడేదాకా అది ప్రసంగమో ప్రశ్నో స్పీకర్‌కైనా తెలియదు. "ప్రసంగం వద్దు, ప్రశ్న అడగండి" అని ఆపితే, "అడుగుతున్నా అధ్యక్షా, అక్కడికే వస్తున్నా" అంటాడు. అబద్ధమూ కాదు, వ్యాకరణం ప్రకారం ఇంకా రాలేదు మరి. మన సభల్లో ప్రశ్నోత్తరాల సమయం చాలకపోవడానికి నాయకుల మీద ఎన్ని నేరాలైనా మోపొచ్చు, కొంత నేరం ఆ దీర్ఘానిది కూడా.

మాక్ పార్లమెంట్ అమ్మాయికి చెప్పాల్సిన జవాబూ తెలుగులోనే ఉంది. మన దగ్గర గొడవ బూతుతో మొదలవదు, "మీరు" కాస్తా "నువ్వు" అయినప్పుడు మొదలవుతుంది. అధ్యక్షుణ్ణి మధ్యలో నిలబెడితే ఎదుటివాడు "మీరు" కూడా కాదు, "మంత్రిగారు", "వారు" అవుతాడు. మూడో మనిషిగా మారినవాణ్ణి తిట్టడం కాస్త కష్టం. "అబద్ధం చెప్పావు" అనాల్సింది "సభను తప్పుదోవ పట్టించారు" అవుతుంది. ఆ మర్యాద తెగిన రోజు ఏం జరుగుతుందో అందరం టీవీల్లో చూశాం.

బ్రిటన్ వాళ్లు తమ బిగుతు నియమాలకు ఇంకో కిటుకు కనిపెట్టారు. ప్రధానిని "ఇవాళ మీ అధికారిక కార్యక్రమాలేమిటి" అని అడుగుతారు. ఆయన డైరీ ఎవడిక్కావాలి? ఆ వంకన అనుబంధ ప్రశ్న దేనిమీదైనా వెయ్యొచ్చు. అక్కడి సభలో 1979 నుంచి 2016 దాకా వేసిన రెండు లక్షలకు పైగా ప్రశ్నలను కొందరు పరిశోధకులు కంప్యూటర్‌తో జల్లెడ పట్టి 2017లో ప్రచురించారు. అధికార పక్షం సభ్యుడి ప్రశ్న తీరు వేరు, ప్రతిపక్షం తీరు వేరు. మంత్రి గొప్ప చెప్పుకోవడానికి ఒకరు తలుపు తీస్తారు, ఇంకొకరు నిలదీస్తారు.

వెలగపూడిలో ఈ రెండో తీరు తరచూ కరువవుతోంది. సభ అక్కడికి 2017 మార్చిలో వచ్చింది. ఆ నవంబరు నుంచి 2019 ఎన్నికల దాకా అప్పటి ప్రతిపక్షం గడప తొక్కలేదు. 2021 నవంబరులో ప్రతిపక్ష నేత ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లిపోయారు. 2024 తర్వాత 11 మంది ఉన్న పార్టీ ప్రతిపక్ష హోదా కోసం పట్టుబట్టి సభకు చాలావరకు దూరంగా ఉంటోంది. పార్టీలు మారాయి, ఖాళీ బెంచీ మాత్రం ఉండిపోయింది. అప్పుడు ప్రశ్న ఇలా మొదలవుతుంది: "అధ్యక్షా, ముందుగా ముఖ్యమంత్రిగారికి, మంత్రిగారికి ధన్యవాదాలు తెలుపుకుంటూ..."

అయితే ఈ ధన్యవాదాల ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యను. అందులో ఒక్కోసారి "మా వంతెన ఎప్పటిలోగా పూర్తవుతుంది?" అని ఉంటుంది. "వాస్తవమేనా"కు "లేదండి" చాలు. "ఎప్పటిలోగా"కు తేదీ కావాలి. దానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనడం కుదరదు. పైగా లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. "పరిశీలిస్తాం" అన్నా హామీ కిందే రాసుకుని, మూడు నెలల్లో ఏం చేశారని వెంటపడుతుంది. శాసనసభకూ అలాంటి కమిటీ ఉంది. అందుకే అనుభవం ఉన్న మంత్రి నెమ్మదిగా లేచి, కాగితం చూసుకుని, "నిధుల లభ్యతను బట్టి, అధ్యక్షా" అని కూర్చుంటారు.