కళ్ళు, కల్లు: ప్రేమ నవల పాఠకుల స్పందన వెనక కథ

ప్రేమ నవల ఆడియో విన్నవాళ్ళు తరచూ ఒకటే అంటారు: హీరో గొంతు మేమనుకున్నట్టు లేదు. ఈ అసంతృప్తికి మూలం పత్రికల్లో సీరియళ్ళు వచ్చిన కాలంలో ఉంది.

యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’ 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య నెల రోజులు. ఆ నెలంతా నాయిక జయంతి, హీరో రాజశేఖరం పాఠకుల ఊహల్లోనే తిరిగేవారు. సీరియల్‌కు బొమ్మ వేసే చిత్రకారుడు పాత్రలకు ముఖం ఇచ్చేవాడు కానీ, గొంతు మాత్రం చదివేవారే ఇచ్చుకునేవారు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా వచ్చాక కూడా ఎందరికో తమ రాజశేఖరం తమకే మిగిలాడు.

అప్పటి స్పందన ఉత్తరాల్లో వచ్చేది. రాబోయే సంచికలు ముందే అచ్చుకు సిద్ధమవుతాయి కాబట్టి, అయిదో భాగం మీద రాసిన కార్డు చేరేసరికి ఏడో భాగం ప్రెస్సులో ఉండేది. ఉత్తరాలు కథను కొంత లాగగలిగేవి, కుదించగలిగేవి, అంతే. అద్దె పుస్తకాల షాపుల్లో మరో రకం స్పందన ఉండేది: అంచుల్లో పెన్సిల్ రాతలు, నచ్చిన డైలాగు కింద గీతలు. కారున్న ఆజానుబాహువు కలల్లో ఆడపిల్లల్ని ముంచుతున్నారని విమర్శకులు కోప్పడ్డారు. ఆ మాటలో నిజముంది. అయితే ఉద్యోగం చేసుకుంటూ ఆత్మాభిమానం వదులుకోని నాయికను పాఠకురాళ్ళు ఎంత దగ్గరగా తీసుకున్నారో ఆ విమర్శకులు పట్టించుకోలేదు.

2014లో మొదలైన ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ కథల వేదికలతో స్పందన నిమిషాల్లోకి వచ్చింది. భాగం పెట్టిన గంటలోనే ‘తరువాతి భాగం ఎప్పుడు?’ అని అడుగుతారు. వారికోసం కథ సాగుతుంది. సాగిందని వారే విసుక్కుంటారు.

ఆడియో దగ్గర చిక్కు వేరు. అచ్చులో కొటేషన్ గుర్తులు, పేరా విరుపులే ఎవరు మాట్లాడుతున్నారో చెబుతాయి. పాత నవలల్లో వరసగా పది డైలాగులకు ‘అంది’, ‘అన్నాడు’ ఉండవు, చెవికి ఆ విరుపులు కనిపించవు. అందుకే రికార్డింగుకు చదివేవారు ముందే ప్రతి డైలాగు పక్కన పాత్ర పేరు రాసుకోవాలి. ఆడగొంతు కోసం మగవాళ్ళు గొంతు సన్నం చేస్తే నవ్వొస్తుంది. వేగం, విరామం మారిస్తే చాలు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంటే ‘భ’, ‘ఫ’లు పేలవు. ‘ళ’ జారితే ప్రేమ సన్నివేశమే కూలుతుంది: ‘ఆమె కళ్ళు’ ‘ఆమె కల్లు’ అవుతుంది. వినేవారు దీన్ని క్షమించరు, క్షమించనక్కరలేదు కూడా.

గుసగుసల దృశ్యం మరో ప్రమాదం. వినబడక శబ్దం పెంచుతారు, వెంటనే వచ్చే కోపపు మాట చెవులు చిల్లులు పొడుస్తుంది. ఆడియో పుస్తకాలు అమ్మే ఆడిబుల్‌కు రికార్డింగులు చేరవేసే ఏసీఎక్స్ వేదిక ప్రమాణాల ప్రకారం సగటు ధ్వని మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, అతి పెద్ద ధ్వని కూడా మైనస్ 3 దాటకుండా, గది చప్పుడు మైనస్ 60కి లోపు ఉండాలి. తప్పు దిద్దడానికి మళ్ళీ చదివి అతికించిన వాక్యాల దగ్గరే ఈ లెక్క తరచూ తప్పుతుంది.

పుటకు 200 మాటలు, నిమిషానికి 100 మాటలు అనుకుంటే 250 పుటల నవల ఎనిమిది గంటలు దాటుతుంది. అంత నిడివిలో వినేవారు ‘మూడో భాగం, పన్నెండో నిమిషం’ అని చూపించే తప్పు బంగారం. ఆ వాక్యం ఒక్కటే మళ్ళీ చదవాలి: అదే మైకు, అదే దూరం, వీలైతే మొదట రికార్డు చేసిన వేళకే. పొద్దున గొంతు సాయంత్రం గొంతుతో అతకదు. అలాగే ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా ఓ నిమిషం ముందే రికార్డు చేసి దాచుకోవాలి, అతుకు వినబడకుండా.