మూడు గంటల మెలకువ

కొండ మీద సుప్రభాత సేవ మొదలయ్యే వేళకి తిరుపతిలో చాలా ఇళ్ళల్లో దీపాలు వెలుగుతాయి. మా పక్కింటి అక్క అంతకు ముందే మేలుకుంటుంది. దేవుడి కోసం కాదు. "నిద్ర పట్టదు మే, తెల్లారేదాకా ఫ్యాను పక్క చూస్తా పండుకోనుంటా" అంటుంది. డిప్రెషన్‌కని డాక్టరు ఇప్పటికి రెండు రకాల మాత్రలు మార్చారు.

రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడినా గుణం కనబడకపోతే దాన్ని మొండి డిప్రెషన్ అంటారు. అలాంటివాళ్ళ విషయంలో పాత మత్తుమందు కెటామైన్ ఆశ పుట్టించింది. 1962లో తయారైన ఈ మందును ఆపరేషన్ థియేటర్లలో దశాబ్దాలుగా వాడుతున్నారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం 2006లో 18 మందితో చేసిన అధ్యయనంలో దీన్ని మత్తుకి చాలని చిన్న మోతాదులో, 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించారు. మర్నాటికి 10 మందిలో దాదాపు 7గురికి లక్షణాలు సగానికి తగ్గాయి. మామూలు మాత్రలైతే వారాలు పడుతుంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ రాత్రి నిద్ర. అదే సంస్థలో వాలెస్ డంకన్ బృందం రోగుల మెదడు అలల్ని రాత్రంతా నమోదు చేసి, 2013లో ఫలితాలు ప్రచురించింది. మందు ఎక్కించిన రాత్రి తొలి గంటల్లో గాఢనిద్ర అలలు బలపడ్డాయి, మధ్యలో మెలకువలు తగ్గాయి.

ఆ అలలేమిటో తిరుమల క్యూ కాంప్లెక్సులో నిలబడ్డవాళ్ళకి సులువుగా తెలుస్తుంది. అంతసేపూ ఎవరి మాట వాళ్ళదే. ఎవరో ఒకరు "గోవిందా" అనగానే వేల గొంతులు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా సద్దుమణుగుతాయి. గాఢనిద్రలో నాడీకణాలూ అంతే, సెకనుకి 1 నుంచి 4 సార్లు కలిసి మోగి, కలిసి ఊరుకుంటాయి. వాటి మధ్య బంధాలు గట్టిగా ఉంటే అల ఎత్తుగా లేస్తుంది. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం గ్లుటమేట్. కెటామైన్ ఆ వ్యవస్థను కదిలించి ఆ బంధాల్ని బలపరుస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. మందు పనిచేసినవాళ్ళలో అలల పెరుగుదలతో పాటే, నాడీకణాల్ని పెంచే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీనూ రక్తంలో పెరిగింది.

ఇంకో చిత్రం ఉంది. శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగారం చేసినట్టు, ఒక రాత్రంతా మేలుకొని ఉంటే డిప్రెషన్ ఉన్నవాళ్ళలో చాలామందికి మర్నాడు మనసు తేలికపడుతుంది. కానీ కాస్త నిద్రపోతే చాలు, బరువు తిరిగి వచ్చేస్తుంది. కెటామైన్ ఇచ్చే ఉపశమనం మాత్రం నిద్రపోయినా నిలుస్తుంది, కొన్ని రోజులపాటు.

రాత్రి మెలకువ తగ్గినవాళ్ళలో చనిపోవాలనే ఆలోచనలూ తగ్గాయని తర్వాతి పరిశోధనలో తేలింది. మూడు గంటల వేళ ఒంటరిగా మేలుకొని ఉండటం ఎంత ప్రమాదమో అందుకే చెబుతున్నాను. ఆ ఘడియలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు.

కెటామైన్ నిద్రమాత్ర కాదు. రక్తపోటు పెరుగుతుంది, కాసేపు ఒళ్ళు తనది కానట్టుంటుంది, విచ్చలవిడిగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. అమెరికాలో 2019లో అనుమతించిన ముక్కు స్ప్రే, అంటే కెటామైన్‌కి దగ్గరి రూపమైన ఎస్కెటామైన్ ఇచ్చినా, కనీసం 2 గంటలు డాక్టర్ల కళ్ళ ముందే ఉండాలి.

అక్కకి ఏది సరిపోతుందో తేల్చాల్సింది ఆమె డాక్టరే. ఆయన నిద్ర గురించి అడిగితే ఇన్నాళ్ళూ "పడుతోంది సార్" అని వచ్చేసేదట. మెలకువ వచ్చిన వేళ రాసుకోమని మొన్న ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. అందులో ఇప్పటికి మూడు వరుసలున్నాయి: 2:50, 3:10, 2:40.