కర్ర ఎందుకు లేవలేదంటే

చి॥ చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య దీవెనలు.

కనుమనాడు కాకైనా కదలదంటారు. మీరు ముక్కనుమ దాకా ఉండి వెళ్ళినా ఇల్లు బోసిపోయింది. మీ నాయనమ్మ ఇంకా నాలుగు కంచాలు తీసి, రెండు మళ్ళీ లోపల పెడుతోంది.

భోగికి ముందురోజు వస్తూ టోల్ గేటు దగ్గర ఇరుక్కుపోయామని అమ్మ ఒకటే గోల. చిన్నీ, నువ్వు మాత్రం అరిసె కొరుకుతూ ఒక ప్రశ్న వేశావు. "నాన్న అక్కడే ఫోన్లోంచి కారు ఫాస్టాగ్‌కు అయిదొందలు వేశాడు తాతయ్యా, టింగుమని చప్పుడు కూడా వచ్చింది. మరి గేటు కర్ర ఎందుకు లేవలేదు?" అంతలో గంగిరెద్దులవాళ్ళు రావడంతో నేను బతికిపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

సర్వర్లూ సిగ్నళ్ళూ అని మొదలుపెడితే ముందు నాకే నిద్రొస్తుంది. నాకు తెలిసింది బల్లకట్టు. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిస్తే అదే బల్లకట్టు. ఎడ్లబండి ఎడ్లతో సహా ఎక్కేది. మా చిన్నప్పుడు కృష్ణ దాటాలంటే అదే మాకు దారి. దాటినందుకు రేవులో డబ్బు కట్టాలి. మీ టోలు లాంటిదే. మా తాత రోజూ చిల్లర ఇచ్చే రకం కాదు. కల్లాలు అయ్యాక ఒక బస్తా జొన్నలు బల్లకట్టు నడిపే తాత గుడిసెలో దింపించేవాడు. ఆ బస్తాకు ఎన్నిసార్లు దాటొచ్చో లెక్కగట్టి, ఆయన గుడిసె గోడ మీద బొగ్గుతో అన్ని గీతలు గీసేవాడు. మేం దాటినప్పుడల్లా బొటనవేలితో ఒక గీత చెరిపేసేవాడు. ఆ వేలు ఎప్పుడూ నల్లగానే ఉండేది. అదే వేలితో మా బుగ్గ గిల్లేవాడు, ఇంటికెళ్ళాక మా అమ్మ చేత తిట్లు.

నా దగ్గర పైసా ఉండేది కాదు. మొహం చూసి "ఫలానావాళ్ళ మనవడు" అనుకుని ఎక్కించుకునేవాడు. కారు అద్దానికి లోపల అంటించిన ఫాస్టాగ్ స్టిక్కర్ అలాంటి మొహమే. అందులో డబ్బు లేదు, ఫలానా బండి అన్న గుర్తే ఉంది. డబ్బు ఉండేది బ్యాంకులో, అంటే గోడ మీద. మరి నాన్న ఫోనో? దాంట్లోనూ లేదు. "గోడ మీద ఎన్ని మిగిలాయో చూసి రారా" అని మా తాత నన్ను రేవుకు తరిమేవాడు. నేను పరిగెత్తుకెళ్ళి లెక్కపెట్టి వచ్చేవాణ్ణి. ఫోన్‌పే అయినా గూగుల్ పే అయినా ఆ పరిగెత్తే మనవడే.

పోలిక సాగదీస్తున్నానని బుజ్జిగాడు నవ్వుతుంటాడు. నవ్వనీ, ఇంకాస్త సాగదీస్తాను. ఒకరోజు మాకు గీతలు అయిపోయాయి. మా తాత ఇంకో బస్తా పంపాడు, బస్తా గుడిసెకు చేరింది కూడా. కానీ బల్లకట్టు తాత అప్పటికే అవతలి ఒడ్డున ఉన్నాడు, ఆ కబురు ఆయన చెవిన పడలేదు. నేనూ అటే ఉన్నాను. ఎక్కనివ్వలేదు. మీ నాన్నకు జరిగింది అచ్చం ఇదే. బ్యాలెన్స్ తక్కువైన ట్యాగుల పట్టీ ఒకటి గేటు దగ్గర ఉంటుంది. నాన్న వేసిన డబ్బు బ్యాంకుకు చేరింది. "ఈ బండి పేరు పట్టీలోంచి తీసెయ్యండి" అన్న కబురు గేటుకు చేరేసరికి ఇంకాస్త సేపు పడుతుంది. వెనక హారన్లు కొట్టేవాళ్ళకు అంత ఓపికెక్కడ! చివరికి నాన్న యూపీఐలో పావు వంతు ఎక్కువ కట్టి బయటపడ్డాడు. నోట్లు తీసుంటే రెట్టింపు అయ్యేది. 2025 నవంబరు 15న పెట్టిన లెక్క అది: 100 రూపాయల చోట యూపీఐలో అయితే 125, నగదు అయితే 200.

అందుకని బ్యాలెన్స్ చూడాల్సింది గేటు ముందు కాదు, ఇంటి ముందు. ఇకమీదట ఆ పని చిన్నీది. ఫోను నాన్నదే, వేలు నీది. యాప్‌లో ఫాస్టాగ్ రీఛార్జ్ నొక్కు. ట్యాగు ఏ బ్యాంకుదో అడుగుతుంది, స్టిక్కర్ మీదే రాసుంటుంది. తర్వాత బండి నంబరు కొట్టు. చాలా బ్యాంకులవైతే బండి ఎవరిదో ఆ పేరూ, మిగిలిన డబ్బూ కనిపిస్తాయి. ముందు పేరు చూడు. ఒక్క అంకె తప్పినా ఎవరి గోడకో వెళ్ళి వాళ్ళ గీతలు లెక్కపెడతావు, డబ్బు వేస్తే వాళ్ళకే పోతుంది. చూడ్డమే పనైతే చూసి వెనక్కి వచ్చెయ్. పిన్ అడిగిందంటే డబ్బు కట్టే దాకా వెళ్ళావన్నమాట, ఫోను నాన్నకిచ్చెయ్.

ఇప్పుడు ఏడాది పాసు కూడా ఉందట. 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలు. సొంత కార్లకు, జాతీయ రహదారుల మీద, 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఇది వినగానే నాకు మా తాత బస్తా గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అన్నట్టు, ఒకసారి నలుగురు స్నేహితుల్ని వెంటేసుకెళ్ళి "వీళ్ళూ మావాళ్ళే" అని బల్లకట్టు ఎక్కించాను. బల్లకట్టు తాత ఏమీ అనలేదు. సాయంత్రం మా తాత గోడ చూసుకుంటే ఒకేసారి అయిదు గీతలు మాయం! ఆ రాత్రి నాకు పెరుగన్నం లేదు. ఒక బండికి ఒకే ట్యాగు, ఒకదాని ట్యాగు ఇంకోదానికి వాడకూడదు అని మీకు ఎందుకు పెట్టారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం నా బల్లకట్టుకు అందదు. ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ లేదు. గేటు పైనున్న యంత్రం కంటికి కనపడని రేడియో తరంగాలతో "ఎవరు నువ్వు?" అని పిలుస్తుంది. ఆ పిలుపులో ఉన్న శక్తినే కాస్త పట్టుకుని, దాంతోనే ట్యాగు తన పేరు చెబుతుంది. పిలిచినవాడి ఊపిరితోనే బదులు పలకడం! ఎలాగని నన్నడక్కండి, నేనింకా ఆశ్చర్యంలోనే ఉన్నాను.

ఈసారి విజయవాడ దారిలో వచ్చేటప్పుడు పంతంగి టోల్ గేటు దగ్గర ఫోన్లు పక్కన పెట్టి తల పైకెత్తి చూడండి, ఆ యంత్రం కనిపిస్తుంది. బండి దాని కిందికి రాగానే ఒకటి, రెండు అని లెక్కపెట్టండి, కర్ర లేచేదాకా. కొర్లపహాడ్ దగ్గరా అలాగే. స్టిక్కర్‌ను మాత్రం పీకి చూడకండి, పీకితే పాడైపోయేలాగే చేశారు దాన్ని. ఎక్కడ ఎంత లెక్క వచ్చిందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. బుజ్జిగాడు తొందరగా లెక్కపెడతాడు, అది నేను తీసేసుకుంటాలే.

మీ తాతయ్య