హౌసింగ్ అసోసియేషన్ ఇల్లు: మనవాళ్ల అపోహలు, వాస్తవాలు

"బిడ్ ఎంత పెట్టమంటారండీ? వారానికి ఇంకో 10 పౌండ్లు ఎక్కువ వేస్తే మనకే వస్తుందా?"

పోయిన చలికాలంలో ఒకాయన ఫోన్ చేసి అడిగిన మాట ఇది. మూడు నెలలుగా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వెబ్‌సైట్లో ఇళ్లు చూస్తున్నారట, ఒక్కదానికీ బిడ్ వేయలేదట. వేస్తే డబ్బు కట్టాలేమోనని భయం. ఆ మూడు నెలల్లో ఆయన కుటుంబానికి సరిపోయే ఇళ్లు ఎన్ని వచ్చి పోయాయో!

నేను ఇంగ్లండ్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో లెట్టింగ్స్ పని చేస్తాను. ఖాళీ అయిన ఇంటికి కొత్తవాళ్లను చూసి, కాగితాలు సరిచూసి, తాళాలు చేతికివ్వడం నా పని. తెలుగు వచ్చని తెలిశాక తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. అందరూ అడిగేవి ఓ పది ప్రశ్నలే, అన్నిటి వెనకా వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటే. ఇక్కడ రాసేదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో పద్ధతులు వేరు.

అపోహ: బిడ్ అంటే వేలంపాట

పేరే అలా పెట్టారు, మనవాళ్లని అని లాభం లేదు. బిడ్ వేయడమంటే "ఈ ఇంటికి నా పేరు కూడా పరిశీలించండి" అని చెప్పడం, అంతే. పైసా ఖర్చు లేదు. అద్దె ముందే ఖరారై ఉంటుంది. చాలా కౌన్సిళ్లలో వారానికోసారి ఇళ్ల జాబితా పెడతారు, ఫలానా రోజు వరకు గడువిస్తారు. ఆ లోపల మొదటి నిమిషంలో వేసినా, చివరి గంటలో వేసినా ఒకటే. గడువు అయ్యాక కంప్యూటర్ మొదట బ్యాండ్ (మీ అవసరం ఎంతో చూసి కౌన్సిల్ ఇచ్చే వరస) చూస్తుంది, ఒకే బ్యాండ్ వాళ్లలో లిస్టులో ఎవరి తేదీ పాతదో చూస్తుంది. కొన్ని కౌన్సిళ్లలో బ్యాండ్లకు బదులు పాయింట్లుంటాయి. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేవాల్సిన పని లేదు.

ఫారం నింపడానికీ రుసుము లేదు. "300 పౌండ్లిస్తే అప్లికేషన్ మేమే చేయించి పెడతాం" అనేవాళ్లకి దూరంగా ఉండండి. వాళ్లు మీ పేరు మీద అబద్ధం రాస్తే, 1996 హౌసింగ్ యాక్ట్ ప్రకారం నేరం మీ మెడకే చుట్టుకుంటుంది.

అపోహ: హౌసింగ్ అసోసియేషన్‌కి నేరుగా అప్లై చేస్తే కౌన్సిల్‌తో పనే లేదు

హౌసింగ్ అసోసియేషన్ అంటే లాభాపేక్ష లేకుండా ఇళ్లు కట్టి అద్దెకిచ్చే సంస్థ. ప్రభుత్వ శాఖ కాదు, ప్రైవేటు ఓనరూ కాదు. పాతవాటిలో పీబాడీ 1862 నాటిది, జార్జ్ పీబాడీ అనే అమెరికన్ వ్యాపారి లండన్ పేదల కోసం ఇచ్చిన డబ్బుతో మొదలైంది. సొంత ఆఫీసులు, సొంత సిబ్బంది ఉంటాయి కాబట్టి మా దగ్గరికే వచ్చి "ఫారం ఇవ్వండి" అని అడుగుతారు.

కానీ మా ఇళ్లలో ఎక్కువ భాగానికి పేర్లు పంపేది కౌన్సిలే. దాన్ని నామినేషన్ అంటాం. కాబట్టి ముందు చేయాల్సింది మీ కౌన్సిల్ హౌసింగ్ రిజిస్టర్‌లో, అంటే ఇళ్ల వెయిటింగ్ లిస్టులో చేరడం. 2011 లోకలిజం యాక్ట్ వచ్చాక ఎవరిని చేర్చుకోవాలో చాలావరకు కౌన్సిళ్లే నిర్ణయించుకుంటున్నాయి. ఒకచోట రెండేళ్ల నివాసం చాలు, పక్క కౌన్సిల్‌లో ఐదేళ్లు అడగొచ్చు. కొన్ని అసోసియేషన్లకి సొంత లిస్టు కూడా ఉంటుంది, ముఖ్యంగా వృద్ధుల ఇళ్లకీ ఇంటర్మీడియట్ రెంట్ (మార్కెట్ కంటే కొంత తక్కువ అద్దె) ఇళ్లకీ. రెండు చోట్లా పేరు పెట్టుకోవచ్చు.

అపోహ: అఫర్డబుల్ రెంట్ అంటే బాగా చవక

మా ఆఫీసులో ఎక్కువ నిరాశ పుట్టించే మాట ఇదే. సోషల్ రెంట్ వేరు, అఫర్డబుల్ రెంట్ వేరు. సోషల్ రెంట్‌ని ప్రభుత్వం పెట్టిన లెక్క ప్రకారం నిర్ణయిస్తారు, మార్కెట్ కంటే బాగా తక్కువ. అఫర్డబుల్ రెంట్ 2011లో వచ్చింది, సర్వీస్ ఛార్జీతో కలిపి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు. బయట 1,500 పౌండ్లు పలికే ఫ్లాట్ అయితే 1,200 దాకా అన్నమాట. లండన్‌లో ఆ 80 శాతం చూసి గుండెలు బాదుకున్నవాళ్లున్నారు. ప్రకటనలో ఏ రెంటో రాసి ఉంటుంది, బిడ్ వేసే ముందే చూడండి.

ఇంకో చిన్న లెక్క. మా అద్దెలు వారానికి చెబుతాం. 150 పౌండ్లు అనగానే నాలుగుతో గుణించి నెలకి 600 అనుకుంటారు. సంవత్సరానికి 52 వారాలు, 12తో భాగిస్తే నెలకి 650. ఆ 50 పౌండ్ల తేడాతోనే మొదటి ఏడాది బాకీలు మొదలవుతాయి.

అపోహ: ఇక్కడ ట్యాక్స్ కడుతున్నాం, కాబట్టి మనకీ హక్కుంది

దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, పొరపాటు జరిగితే వీసాకే ఎసరు కాబట్టి.

స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసాల మీద ఉన్నవాళ్లకీ వాళ్ల డిపెండెంట్లకీ సాధారణంగా "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే షరతు ఉంటుంది. మీ ఈ-వీసాలో చూసుకోండి. కౌన్సిల్ ద్వారా వచ్చే ఇల్లూ, కౌన్సిల్ ఇచ్చే హోమ్‌లెస్ సాయమూ ఆ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. ఎంత ట్యాక్స్ కట్టినా, నైట్ షిఫ్టుల్లో ఎంతమంది ముసలివాళ్లకి సేవ చేసినా ఈ షరతు మారదు. న్యాయమా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రూల్ మాత్రం అదే.

"పాప ఇక్కడే పుట్టింది కదా" అంటారు. 1983 నుంచి ఈ దేశంలో పుట్టినంత మాత్రాన బ్రిటిష్ పౌరసత్వం రాదు. పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, ఐఎల్‌ఆర్ లాంటి శాశ్వత నివాస హక్కు ఉన్నవాళ్లో అయి ఉండాలి.

ఐఎల్‌ఆర్ వచ్చాక మామూలుగా అప్లై చేసుకోవచ్చు, పాస్‌పోర్టు మారేదాకా ఆగక్కర్లేదు. ఇక కౌన్సిల్ నామినేషన్‌తో సంబంధం లేకుండా అసోసియేషన్ నేరుగా ఇచ్చే ఇళ్లు పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రావు. ఆస్పత్రి సిబ్బంది లాంటి కీ వర్కర్ల కోసం ఉంచే ఇంటర్మీడియట్ రెంట్ ఇళ్లలో కొన్ని ఇలాంటివే. కానీ ఒక్కో స్కీముకి ఒక్కో నిబంధన ఉంటుంది. "ఇది కౌన్సిల్ నామినేషనా, డైరెక్ట్ లెట్టా?" అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇంట్లో ఒకరికి ఐఎల్‌ఆర్, మరొకరికి డిపెండెంట్ వీసా ఉంటే జాయింట్ అప్లికేషన్ పెట్టకముందే సిటిజన్స్ అడ్వైస్‌నో, షెల్టర్‌నో (రెండూ సలహా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు) సంప్రదించండి. సలహాకి డబ్బు తీసుకోరు.

అపోహ: ఎంపీ లెటర్ ఉంటే పనవుతుంది

హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకి డ్రా తీయడం చూసినవాళ్లు "డ్రా ఎప్పుడండీ?" అని అడుగుతారు. ఊళ్లో ఎమ్మెల్యే సిఫారసు చూసినవాళ్లు ఎంపీ లెటర్ పట్టుకొస్తారు. ఇక్కడ డ్రా లేదు. లెటర్ వస్తే మర్యాదగా జవాబు రాస్తాం, బ్యాండ్ మారదు. మీ ఫైలు ఎక్కడో ఇరుక్కుపోయినప్పుడో, తప్పు జరిగినా ఎవరూ పలకనప్పుడో మాత్రం కౌన్సిలర్ దగ్గరికీ ఎంపీ దగ్గరికీ వెళ్లడం పనికొస్తుంది. అప్పుడు ఫైలు కదులుతుంది.

ఇంగ్లండ్ మొత్తం మీద కౌన్సిల్ లిస్టుల్లో సుమారు 13 లక్షల కుటుంబాలున్నాయి. చట్టం ముందు చూడమన్నది ఇల్లు లేనివాళ్లని, ఇరుకులోనో పాడుబడ్డ ఇంట్లోనో ఉన్నవాళ్లని, ఆరోగ్య కారణాలున్నవాళ్లని. ఆ కష్టం కాగితం మీద కనిపించాలి.

అపోహ: డాక్టర్ ఉత్తరంలో "ఇల్లు అవసరం" అని ఉంటే చాలు

ఒకావిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. లిఫ్ట్ లేని మూడో అంతస్తు. జీపీ (మామూలుగా చూపించుకునే డాక్టర్) ఉత్తరంలో "మోకాళ్ల నొప్పి తీవ్రంగా ఉంది, ఇల్లు ఇవ్వగలరు" అని రెండు లైన్లు. మెడికల్ ప్రయారిటీ రాలేదు. ఏమ్మా, రోజూ ఏం చేస్తారో చెప్పండి అంటే మెల్లగా బయటికొచ్చింది: 44 మెట్లు, ల్యాండింగ్‌లో రెండుసార్లు కూర్చోవాలి, దిగడానికి భయపడి ఫిజియో అపాయింట్‌మెంట్లు మానేశారు, సామాన్లు బకెట్‌కి తాడు కట్టి పైకి లాగుతున్నారు. అదంతా రాసి, మానేసిన అపాయింట్‌మెంట్ల ఉత్తరాలు జత చేసి రివ్యూ (మళ్లీ పరిశీలించమని) అడిగితే బ్యాండ్ పెరిగింది. చూసేది జబ్బు పేరు ఒక్కటే కాదండీ, ఆ ఇల్లు ఆ జబ్బుని ఎలా ముదురుస్తోందన్నది.

పేర్లతో ఇంకో తంటా. పేస్లిప్పులో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, పాస్‌పోర్టులో మొత్తం ఒకే గడిలో. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి. కుదరకపోతే ముగ్గురూ నేనే అని ఒక కవరింగ్ లెటర్ పెట్టండి.

అపోహ: అమ్మానాన్నల్ని కలిపితే మూడు బెడ్‌రూములొస్తాయి

విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన అత్తమామల్ని లెక్కలోకి తీసుకోరు. పిల్లల లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది: పదేళ్లలోపు ఇద్దరుంటే ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకే గది. ఆ తర్వాత ఆడపిల్లకీ మగపిల్లాడికీ వేర్వేరు గదులు. ఇద్దరూ అబ్బాయిలో, ఇద్దరూ అమ్మాయిలో అయితే ఇంకొన్నేళ్లు కలిసే ఉండాలి, ఎన్నేళ్లన్నది కౌన్సిల్‌ని బట్టి. అవసరానికి మించిన గది ఉన్న ఇంట్లో పెన్షన్ వయసు రానివాళ్లు బెనిఫిట్ల మీద ఉంటే, ఆ అద్దె సాయంలో ఒక గదికి 14 శాతం, రెండు లేదా అంతకన్నా ఎక్కువైతే 25 శాతం కోత పడుతుంది.

అపోహ: ఇల్లు ఖాళీ చేసి రోడ్డున పడితే వెంటనే ఇస్తారు

దయచేసి ఈ పని చేయకండి. ఓనర్‌ని బతిమాలి నోటీసు రాయించుకున్నవాళ్లనీ, ఉన్న ఇల్లు వదిలి స్నేహితుల హాల్లో పడుకున్నవాళ్లనీ చూశాను. ఉండగలిగే ఇంటిని కావాలని వదులుకుంటే చట్టం దాన్ని "ఇంటెన్షనల్లీ హోమ్‌లెస్" అంటుంది. రావాల్సిన సాయం కూడా పోతుంది.

నిజంగానే ఓనర్ ఖాళీ చేయమంటే, 56 రోజుల్లోపు ఇల్లు పోయే పరిస్థితి ఉంటే, అర్హత ఉన్నవాళ్లకి కౌన్సిల్ అప్పటినుంచే సాయం మొదలుపెట్టాలి. 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న చట్టం ఇది. వాళ్లతో మాట్లాడకుండా తాళాలు తిరిగి ఇవ్వకండి.

ఆ హోమ్‌లెస్ సాయం కింద చివరి ఆఫర్‌గా ఇల్లు చూపిస్తే "వాస్తు బాలేదు, దక్షిణం ముఖం" అని కాదనడానికి లేదు. తగిన ఇంటిని కాదంటే కౌన్సిల్ బాధ్యత అక్కడితో తీరిపోతుంది. ఇల్లు నిజంగా మీకు పనికిరాదనిపిస్తే ఒప్పుకుని చేరిపోయి, 21 రోజుల్లోపు రివ్యూ అడగండి. రెండూ ఒకేసారి చేయొచ్చని చాలామందికి తెలియదు. మామూలు బిడ్డింగ్‌లోనూ కాదనడానికి పరిమితి పెట్టిన కౌన్సిళ్లున్నాయి.

అపోహ: ఉద్యోగం ఉంటే ఇవ్వరు

ఇస్తారు. ఆదాయానికీ పొదుపుకీ కౌన్సిల్ పెట్టిన పరిమితి దాటకపోతే చాలు. పనిచేసేవాళ్లకి కాస్త ప్రాధాన్యమిచ్చే కౌన్సిళ్లూ ఉన్నాయి.

అపోహ: ఒకసారి వచ్చాక మన ఇల్లే, బ్యాచిలర్స్‌కి ఇచ్చుకోవచ్చు

పట్టా ఎప్పుడిస్తారని అడిగినవాళ్లూ ఉన్నారు. ఇది అద్దె ఇల్లు, పట్టా ఉండదు. మొత్తం ఇల్లు ఇంకొకరికిచ్చి మీరు వేరేచోట ఉంటే, 2013 చట్టం ప్రకారం అది నేరం. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు, సంపాదించిన డబ్బు కక్కిస్తారు, ఇల్లూ పోతుంది. మీరుంటూ ఒక గదిలో లాడ్జర్‌ని (అద్దెకుండే మనిషిని) పెట్టుకోవాలన్నా ముందు మీ ఒప్పందం చదివి మమ్మల్ని అడగండి.

బూజు పట్టిందని కంప్లైంట్ చేస్తే ఖాళీ చేయిస్తారని నోరు మూసుకుని ఉండేవాళ్లని చూస్తే మాత్రం బాధేస్తుంది. గోడల బూజు వల్ల 2020లో రోచ్‌డేల్‌లో రెండేళ్ల పిల్లాడు అవాబ్ ఇషాక్ చనిపోయాడు. ఆ పిల్లాడి పేరు మీదే అవాబ్స్ లా వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి ప్రాణాపాయమైన సమస్యలకి 24 గంటల్లో, తీవ్రమైన తేమ, బూజుకైతే పది పనిదినాల్లో మేం వచ్చి చూసి తీరాలి. ఫోన్లో కాదు, రాతలో చెప్పండి, ఫోటో పెట్టండి. పట్టించుకోకపోతే మా కంప్లైంట్ పద్ధతి పూర్తిచేసుకుని హౌసింగ్ అంబుడ్స్‌మన్ (ఇళ్ల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ) దగ్గరికి వెళ్లండి, అదీ ఉచితమే.

అపోహ: తాళాలిచ్చిన రోజే పాలు పొంగించుకోవచ్చు

ఒక కుటుంబం మంచిరోజు చూసుకుని రెండు సూట్‌కేసులు, దేవుడి పటం, కొత్త పాలగిన్నెతో నేరుగా సైన్‌అప్‌కి (ఒప్పందం మీద సంతకానికి) వచ్చేశారు. తలుపు తీస్తే బోడి నేల, తెల్లటి గోడలు. కార్పెట్ లేదు, కర్టెన్ రాడ్ లేదు, ఫ్రిజ్ లేదు. పొయ్యి లేదు, ఉన్నా వెలగదు. మనిషి మారినప్పుడు గ్యాస్ కట్టేసి ఉంచుతాం, ఇంజినీర్ వచ్చి పరీక్షించి తెరవాలి. ఆవిడ గిన్నె పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయారు. పక్కింటి పోలిష్ ఆవిడ ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ తెచ్చిస్తే దానిమీదే పొంగించారు.

మొదటి వారం అద్దె, కొన్నిచోట్ల నెల అద్దె, సంతకం రోజే కట్టాలి. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే సాయం) కొత్తగా పెట్టుకుంటే మొదటి డబ్బు ఐదు వారాలకి గానీ రాదు. పొయ్యికీ నేలకీ కొంత పక్కన పెట్టుకుని ఉండండి. గ్యాస్ అపాయింట్‌మెంట్ సైన్‌అప్ ముందే అడిగి పెట్టించుకోండి. ఇంట్లో అడుగుపెట్టగానే కరెంటు, గ్యాస్ మీటర్ల రీడింగ్ ఫోటో తీసి కంపెనీకి ఫోన్ చేయండి. ప్రీపేమెంట్ (ముందే డబ్బు వేసుకుని వాడుకునే) మీటర్ అయితే ఆ ఫోన్ అయ్యేదాకా టాప్‌అప్ చేయకండి. లేకపోతే పాతవాళ్ల బాకీ మీ డబ్బులోంచి కోసుకుంటుంది.